పుట్టిన బిడ్డకు సూది వద్దంటే: ఒక్కో ‘వద్దు’కీ ఒక్కో లెక్క

బిడ్డ పుట్టిన కొద్ది గంటల్లోనే తొడకు ఒక సూది పడుతుంది. అది విటమిన్ కె. కొన్ని దేశాల్లో అదే సమయంలో కళ్లకు ఆయింట్‌మెంట్ కూడా రాస్తారు. 24 గంటలు గడవకముందే హెపటైటిస్ బి టీకా వేస్తారు. మర్నాడో ఆ మర్నాడో మడమ మీద గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలు ఒక అట్టముక్క మీదికి తీసుకుంటారు. చేతికీ కాలికీ ఎర్రలైటు వెలిగే పట్టీ చుట్టి ఆక్సిజన్ చూస్తారు. చెవి దగ్గర చిన్న శబ్దాలు వినిపించి వినికిడి పరీక్షిస్తారు. ఇవన్నీ కలిపి ఆసుపత్రి పెట్టుకున్న పేరు ‘రొటీన్’.

తగువు మొదలయ్యేది ఆ పేరు దగ్గరే. రొటీన్ అనగానే చేసేవాళ్లు కారణం చెప్పడం మానేస్తారు, అందరికీ చేస్తున్నదే కదా అనుకుంటారు. అడిగే తల్లిదండ్రులకు ‘ఇది మామూలేనండీ’ అన్న జవాబే దొరుకుతుంది. ఆ జవాబుతో అనుమానం తీరదు సరికదా పెరుగుతుంది. ఇంటికెళ్లి ఫోన్లో వెతికితే కనిపించేవి భయపెట్టే కథలు. చివరికి ఆసుపత్రి ఎలా మూట కట్టి ‘అన్నీ చేస్తాం’ అందో, తల్లిదండ్రులూ అలాగే మూట కట్టి ‘ఏమీ వద్దు’ అంటారు.

ఆ మూటలో ఉన్నవి ఒక జాతివి కావు. రెండు మందులు, ఒకటి టీకా, మిగతావి ఉత్త పరీక్షలు. ఒకదానికి తల్లి రిపోర్టు చూస్తే సగం జవాబు దొరుకుతుంది, ఇంకొకదానికి తల్లి రిపోర్టుతో సంబంధమే లేదు. కాబట్టి వద్దనుకునేవాళ్లు ఒక్కోదాన్ని విడిగా పట్టుకుని ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది వద్దన్నాక, ఆ నిర్ణయం తప్పని తెలిస్తే, దిద్దుకునే టైమ్ ఉంటుందా? జబ్బు ఎంత అరుదు, సూది ఎంత నొప్పి లాంటి ప్రశ్నలు దీని తర్వాతే. కొన్ని జబ్బులు ముందు కబురు పంపి వస్తాయి. కొన్ని చెప్పాపెట్టకుండా వస్తాయి.

చెప్పకుండా వచ్చే రక్తస్రావం

చెప్పకుండా వచ్చేవాటిలో మొదటిది విటమిన్ కె లోపం. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే కొన్ని ప్రోటీన్లు కావాలి. వాటిలో నాలుగు ముఖ్యమైనవి విటమిన్ కె లేకపోతే పనిచేయవు. ఈ విటమిన్ మాయను దాటి బిడ్డకు చేరేది చాలా తక్కువ. పెద్దవాళ్ల పేగుల్లో దీన్ని కొంత తయారుచేసిపెట్టే సూక్ష్మజీవులు పసివాళ్ల పేగుల్లో ఇంకా స్థిరపడి ఉండవు. తల్లిపాలలోనూ ఇది బాగా తక్కువ, లీటరుకు కొన్ని మైక్రోగ్రాములే. తల్లి మంచి ఆహారం తిన్నంత మాత్రాన ఈ అంకె చాలినంత పెరగదు. డబ్బాపాలలో కంపెనీలు విడిగా కలుపుతాయి కాబట్టి ఆ పాలు తాగే పిల్లల్లో ఈ సమస్య తక్కువ. అంటే సూది వద్దనుకుని తల్లిపాలే పట్టే ఇంట్లోనే ప్రమాదం ఎక్కువ. సహజంగా పెంచాలనుకునేవాళ్లు ఎంచుకునేది సరిగ్గా ఈ రెండింటినే.

తల్లిపాలు అన్నిటికీ చాలనప్పుడు ప్రకృతి ఇలా ఎందుకు చేసింది అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దానికి ఊహలే తప్ప తేలిన జవాబు లేదు. కానీ ప్రకృతి చేసిందంటే అందులో బిడ్డకు మేలే ఉండాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. 1894లో చార్ల్స్ టౌన్‌సెండ్ అనే బోస్టన్ డాక్టరు, పుట్టిన కొద్దిరోజుల్లో కారణం లేకుండా రక్తం కారిన 50 మంది పసివాళ్ల గురించి రాశాడు. అప్పటికి పుట్టిన బిడ్డకు వేసే ఈ సూదుల్లేవు, ఈ టీకాల్లేవు. దానికి కారణం దొరకడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ డామ్ కొవ్వు లేని మేత పెట్టిన కోడిపిల్లలకు రక్తస్రావం కావడం చూసి, ఆ లోటు తీర్చే పదార్థానికి ‘కె’ అని పేరు పెట్టాడు. రక్తం గడ్డకట్టడానికి అక్కడి భాషలో వాడే మాట ‘కె’తో మొదలవుతుంది. దీనికే ఆయనకూ ఎడ్వర్డ్ డాయిసీకీ 1943 నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పుట్టిన ప్రతి బిడ్డకూ విటమిన్ కె ఇవ్వాలని 1961లో సిఫారసు చేసింది.

ఈ రక్తస్రావం మూడు వేళల్లో వస్తుంది. మొదటి 24 గంటల్లో వచ్చేది ఎక్కువగా తల్లి కడుపుతో ఉండగా మూర్ఛకో క్షయకో కొన్ని మందులు వాడినప్పుడు. మొదటి వారంలో వచ్చేది సూది వేయని పిల్లల్లో 60 నుంచి 250 మందికి ఒకరికి, సాధారణంగా బొడ్డు నుంచో ముక్కు నుంచో కారుతుంది. మూడోది, అసలు భయపడాల్సినది, రెండో వారం నుంచి ఆరో నెల దాకా ఎప్పుడైనా వచ్చేది. ఇది సూది వేయని పిల్లల్లో సుమారు 14,000 నుంచి 25,000 మందిలో ఒకరికి వస్తుంది. అరుదే. కానీ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి రక్తం కారేది మెదడులో. విటమిన్ కె లోపంతో రక్తస్రావం వచ్చిన ప్రతి అయిదుగురు పిల్లల్లో ఒకరు చనిపోతారని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. సూది వేసిన పిల్లలతో పోలిస్తే వేయనివాళ్లకు ఈ ఆలస్యపు రక్తస్రావం వచ్చే అవకాశం 81 రెట్లు ఎక్కువని కూడా అదే సంస్థ లెక్క.

ముందే పెట్టుకున్న ప్రశ్న ఇక్కడ వేయాలి. జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే చాలదా? కొందరిలో చిన్న కమిలిన మచ్చో, బొడ్డు దగ్గర కాస్త రక్తమో ముందుగా కనిపిస్తుంది. చాలామందిలో అదీ ఉండదు. నిన్నటిదాకా పాలు తాగి నవ్విన బిడ్డ ఇవాళ మగతగా ఉంటుంది, వాంతి చేసుకుంటుంది, లేదా ఫిట్స్ వస్తాయి. అప్పటికి రక్తం తలలో చేరిపోయి ఉంటుంది. ప్రసవం తేలిగ్గా అయింది, బిడ్డకు దెబ్బేమీ తగల్లేదు కాబట్టి అవసరం లేదన్న వాదన కూడా ఇక్కడ నిలబడదు. ఆలస్యపు రక్తస్రావానికీ ప్రసవం ఎలా జరిగిందన్నదానికీ సంబంధం లేదు.

ఇక సూది మీద భయాలు. వాటిలో ఒకటి ఊరికే పుట్టింది కాదు, దానికి పుట్టుక ఉంది. 1990లోనూ 1992లోనూ బ్రిస్టల్‌లో జీన్ గోల్డింగ్ బృందం చేసిన అధ్యయనాలు, విటమిన్ కె సూది వేసిన పిల్లల్లో కేన్సర్ ఎక్కువేమో అన్న అనుమానం లేవదీశాయి. అనుమానం చిన్నది కాదు కాబట్టి ప్రపంచం పట్టించుకుంది. స్వీడన్‌లో 13 లక్షల మంది పిల్లల రికార్డులు తిరగేశారు, సంబంధం కనిపించలేదు. తర్వాత మరికొన్ని దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనాల్లోనూ కనిపించలేదు. ఈలోగా కొన్ని దేశాలు సూది మానేసి నోటిచుక్కలకు మారాయి. ఆస్ట్రేలియా అలా మారి, రక్తస్రావం కేసులు మళ్లీ కనిపించేసరికి సూదికే తిరిగొచ్చింది. అనుమానం తీరిపోయి ఇన్నేళ్లయినా ఆ పాత వార్త మాత్రం తిరుగుతూనే ఉంది, తేదీ లేకుండా.

రెండో భయం, ఆ సూదిలో కలిపే నిల్వ పదార్థం గురించి. 1980ల మొదట్లో నెలలు నిండని పిల్లలకు రక్తనాళాల్లోకి పెట్టే గొట్టాలు శుభ్రం చేసే ద్రావణంలో బెంజైల్ ఆల్కహాల్ ఎక్కువగా పోయి ప్రాణాలమీదికి వచ్చిన మాట నిజం. అక్కడ అది రోజూ, పదేపదే, చాలా ఎక్కువ మోతాదులో వెళ్లింది. విటమిన్ కె సూదిలో ఉంటే ఉండేది ఒక్కసారికి కొన్ని మిల్లీగ్రాములు. అది కూడా వద్దనుకుంటే నిల్వ పదార్థం కలపని రకం ఉంది, ముందుగా అడిగితే తెప్పించడం పెద్ద పనేమీ కాదు. పుట్టిన రాత్రి అడిగితే మాత్రం దొరక్కపోవచ్చు.

నోటిచుక్కలు మధ్యేమార్గంలా కనిపిస్తాయి. పనిచేస్తాయి కూడా, కానీ ఒక మోతాదుతో సరిపోదు, వారాల తరబడి మరిచిపోకుండా వేయాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. విటమిన్ కె కొవ్వులో కరిగేది, పేగు పీల్చుకోవాలంటే పిత్తరసం కావాలి. పుట్టుకతోనే పిత్తనాళం మూసుకుపోయిన పిల్లలకు నోట్లో ఎన్ని చుక్కలు వేసినా రక్తంలోకి వెళ్లేది కొంచెమే. ఆ లోపం ఉందని మొదటి వారాల్లో ఎవరికీ తెలియదు. చుక్కలు సరిగ్గా పనిచేయనిది వాటి అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న పిల్లల్లోనే. కండలోకి వేసిన సూదికి పేగుతో పనిలేదు, అక్కడ నిల్వ ఉండి మెల్లగా విడుదలవుతుంది. మోతాదు ఎక్కువగా అనిపించడానికి కారణం కూడా ఇదే. అది ఒక్కరోజు తిండి కాదు, నెలల తరబడి సరుకు.

‘మా పాపకు వేయించలేదు, నిక్షేపంలా ఉంది’

ఈ మాట చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. లెక్కే అలా ఉంది. ఆలస్యపు రక్తస్రావం సంగతే తీసుకుంటే, సూది వేయించని 14,000 కుటుంబాల్లో 13,999 కుటుంబాలు ఈ మాట నిజాయితీగా చెప్పగలవు. మిగిలిన ఒక్క కుటుంబం సాధారణంగా ఎవరితోనూ మాట్లాడే స్థితిలో ఉండదు. కాబట్టి చుట్టుపక్కల వినిపించే అనుభవాలను పోగేసి నిర్ణయానికి రావడం ఇలాంటి అరుదైన జబ్బుల విషయంలో పనికిరాదు. డాక్టర్లకూ ఇదే ఇబ్బంది. చాలామంది ఒక్క కేసూ చూడకుండానే రిటైరవుతారు. చూడనిదాని గురించి నమ్మకంగా చెప్పడం వాళ్లకూ కష్టమే, అందుకే ‘ప్రోటోకాల్’ అని తప్పుకుంటారు.

అప్పుడప్పుడూ కేసులు ఒకేచోట పడి కళ్లముందుకొస్తాయి. అమెరికాలోని నాష్‌విల్‌లో 2013 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు మధ్య నలుగురు పసివాళ్లకు ఆలస్యపు రక్తస్రావం అయింది. నలుగురి తల్లిదండ్రులూ పుట్టినప్పుడు సూది వద్దన్నవాళ్లే. ఆరా తీస్తే, అక్కడ ఒక ఆసుపత్రిలో వద్దనేవాళ్లు 3.4 శాతమే ఉండగా, ప్రసవ కేంద్రాల్లో 28 శాతం దాకా ఉన్నారని తేలింది. ఎందుకు వద్దన్నారని అడిగితే వచ్చిన జవాబులు: రక్త కేన్సర్ భయం, అవసరం లేదనుకోవడం, బిడ్డ ఒంట్లోకి ‘విషాలు’ పోకూడదన్న కోరిక. ఆలస్యపు రక్తస్రావం గురించి వాళ్లకు అసలు తెలియదు, లేదా అరకొరగానే తెలుసు.

చేసి చెడగొట్టుకున్నదానికంటే చేయక చెడిపోయినది మనసుకు తేలికగా తోస్తుంది. ఇలానా రిటోవ్, జొనాథన్ బారన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో టీకాల ఉదాహరణతోనే దీన్ని చూపించారు. జబ్బు వల్ల చనిపోయే పిల్లలకంటే టీకా వల్ల చనిపోయేవాళ్లు తక్కువే అని అంకెలతో చెప్పినా, చాలామంది టీకా వేయించడానికి వెనకాడారు. తమ చేత్తో హాని చేశామన్న భావం అంత బరువైనది. తల్లిదండ్రుల్లో ఇది మూర్ఖత్వం కాదు, ప్రేమ తీసుకునే ఒక రూపమే. కానీ బిడ్డ ఒంటికి ఆ తేడా తెలియదు. వద్దని సంతకం పెట్టడం కూడా ఒక పని చేయడమే.

కళ్ల మందు: వద్దనడానికి చోటున్నది

విటమిన్ కె పక్కన కళ్ల ఆయింట్‌మెంట్ పెట్టి చూస్తే రెండూ ఒకే మూటలో ఎందుకు ఉండకూడదో అర్థమవుతుంది. తల్లికి లైంగిక సంబంధం ద్వారా సోకే గనేరియా ఉంటే ప్రసవంలో బిడ్డ కళ్లకు అంటుకుని, కొన్ని రోజుల్లో చీము పట్టి, చికిత్స ఆలస్యమైతే చూపు పోతుంది. లైప్జిగ్‌లో కార్ల్ క్రెడె అనే డాక్టరు 1880లో పుట్టిన బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఆసుపత్రిలో దాదాపు పదిమందిలో ఒకరికి వస్తున్న ఈ జబ్బు, వందలో ఒకరికంటే తక్కువకు పడిపోయింది. యాంటీబయోటిక్స్ లేని కాలంలో అది ఎన్ని కళ్లను కాపాడి ఉంటుందో చెప్పలేం. ఆ మందు కళ్లను మండించి ఎర్రగా చేసేది కూడా. అందుకే తర్వాత ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ వచ్చింది.

ఇప్పుడు పరిస్థితి వేరు. గర్భంతో ఉన్నప్పుడే తల్లికి పరీక్ష చేసి, జబ్బుంటే నయం చేయొచ్చు. అలా చేస్తే బిడ్డ కంటికి అంటుకునేదే ఉండదు. పైగా ఆయింట్‌మెంట్ క్లమీడియా అనే ఇంకో ఇన్‌ఫెక్షన్ను సరిగ్గా ఆపలేదు. బ్రిటన్ ఈ పద్ధతిని ఎప్పుడో వదిలేసింది. కెనడా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో అందరికీ రాయాల్సిన పనిలేదని, దానికి బదులు తల్లుల పరీక్షలు గట్టిగా చేయమని చెప్పింది. అమెరికాలో మాత్రం నిపుణుల బృందం 2019లో కూడా రాయాలనే చెప్పింది, చాలా రాష్ట్రాల్లో చట్టమే ఉంది. గర్భవతులందరికీ పరీక్షలు అందని చోట ఆయింట్‌మెంట్ ఒక వల లాంటిది. కాబట్టి తల్లికి ఈ గర్భంలోనే పరీక్షలు జరిగి, ఏమీ లేదని తేలి, ఆ తర్వాత కొత్తగా సోకే అవకాశం లేకపోతే, చట్టం అడ్డురాని చోట వద్దనడంలో తప్పు పట్టాల్సింది పెద్దగా ఉండదు. ఇక్కడ జబ్బు ముందు కబురు పంపుతుంది: కనురెప్పలు వాచి, చీము కారుతుంది. ఆ రోజే తీసుకెళ్తే మందు ఉంది. ఆ రోజే అన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాలి, కంటిపాప ముందుండే పొర దెబ్బతినడానికి ఎక్కువ సమయం పట్టదు. పరీక్ష చేయించుకోని తల్లి విషయంలో ఈ సడలింపేమీ వర్తించదు.

హెపటైటిస్ బి ఈ రెండింటి మధ్యలో పడుతుంది, అందుకే దానిమీద వాదన ఎక్కువ. ‘ఇది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా వచ్చేది కదా, పసిగుడ్డుకెందుకు’ అన్న ప్రశ్న పైకి సమంజసంగానే ఉంది. జవాబు వయసులో ఉంది. పెద్దవాళ్లకు ఈ వైరస్ సోకితే వందలో తొంభై అయిదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడు సోకితే వందలో దాదాపు తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించదు, నడివయసులో కాలేయం గట్టిపడటమో కేన్సరో బయటపడుతుంది. తైవాన్ 1984లో పసివాళ్లకు ఈ టీకా మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ కేన్సర్ సగానికి తగ్గింది. టీకా కేన్సర్ను ఆపగలదని ప్రపంచానికి చూపించిన మొదటి ఉదాహరణల్లో ఇదొకటి.

తల్లికి వైరస్ ఉంటే, లేదా ఉందో లేదో తెలియకపోతే, 24 గంటల్లో వేసే ఆ మొదటి మోతాదు వద్దనడానికి ఏ వాదనా నిలవదు. తల్లికి ఉందని తెలిస్తే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే తయారు ప్రతిరోధకాలు) కూడా ఇస్తారు, అక్కడ గంటలు లెక్క. తల్లికి లేదని నమ్మకమైన పరీక్షలో తేలితే? అప్పుడు దేశాలే రెండుగా చీలాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ పుట్టగానే వేయమంటుంది. బ్రిటన్ వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకే పుట్టినప్పుడు వేసి, మిగతావాళ్లకు ఎనిమిది వారాలప్పుడు మొదలుపెడుతుంది. దీన్ని చూపించి వాయిదా వేయమని అడిగేవాళ్లు ఒక సంగతి గమనించాలి. బ్రిటన్ అలా చేయగలిగేది గర్భవతులకు పరీక్ష దాదాపు తప్పకుండా జరిగి, ఆ రిపోర్టు ప్రసవం చేసేవాళ్ల చేతికి అందే ఏర్పాటు ఉండబట్టి. రిపోర్టు ఎక్కడో పోయే చోట, ఇంట్లో ఇంకెవరికైనా వైరస్ ఉండే చోట, అదే వాయిదాకు అర్థం మారిపోతుంది.

గుచ్చడం ఒకటి, దాచడం ఒకటి

మడమ రక్తపు పరీక్ష మందు కాదు, టీకా కాదు. నాలుగు చుక్కలు తీసి చూడటమే. 1960ల మొదట్లో రాబర్ట్ గుత్రీ అనే అమెరికన్ డాక్టరు ఈ అట్టముక్క పద్ధతి కనిపెట్టాడు. ఆయన కొడుకుకు మానసిక ఎదుగుదల లోపం ఉండేది, దగ్గరి బంధువు కూతురికి ఫినైల్ కీటోనూరియా అనే జబ్బు. ఆ జబ్బున్న బిడ్డ పుట్టినప్పుడు మిగతా పిల్లల్లాగే ఉంటుంది. ఆహారంలోని ఒక అమైనో ఆమ్లాన్ని ఒళ్లు అరిగించుకోలేక, అది మెదడులో విషంలా పేరుకుంటుంది. తిండి మారిస్తే చాలు, మెదడు నిలబడుతుంది. కానీ మార్చాల్సింది తొలి వారాల్లోనే. పుట్టుకతో థైరాయిడ్ చాలని పిల్లల సంగతీ ఇంతే. 2,000 నుంచి 4,000 మందిలో ఒకరికి వచ్చే ఈ లోపానికి రోజుకో చిన్న మాత్ర చాలు, మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే. లక్షణాలు కనిపించేదాకా ఆగితే, అప్పటికి పోయిన తెలివితేటలు తిరిగి రావు. లక్షణాలు చూసి తెలుసుకుంటామనే మాట ఇక్కడ చెల్లదు, ఈ పరీక్ష పుట్టిందే లక్షణాలకంటే ముందు తెలుసుకోవడానికి.

అయినా వద్దనేవాళ్లకు ఒక నిజమైన ఫిర్యాదు ఉంది. పరీక్ష అయ్యాక ఆ అట్టముక్కలు ఏమవుతాయి? అమెరికాలోని టెక్సస్‌లో తల్లిదండ్రులకు చెప్పకుండా వాటిని ఏళ్ల తరబడి దాచి పరిశోధనలకు ఇస్తున్నారని బయటపడి కేసు పడింది. 2009 రాజీ తర్వాత అక్కడి ప్రభుత్వం 50 లక్షలకు పైగా నమూనాలను నాశనం చేయాల్సొచ్చింది. బిడ్డ జన్యు సమాచారం ఎవరి దగ్గరుంటుందని అడగడం అతి కాదు. అయితే ఆ అభ్యంతరం దాచడం మీద, పరీక్ష మీద కాదు. పరీక్ష చేయించి, మిగిలిన నమూనా నాశనం చేయమని రాతపూర్వకంగా అడిగే వీలు చాలా చోట్ల ఉంటుంది. ఆక్సిజన్ పట్టీ, వినికిడి పరీక్షల గురించి చెప్పేందుకు ఎక్కువ లేదు. సూది లేదు, నొప్పి లేదు, నిమిషాల్లో అయిపోతాయి. ఇంటికెళ్లాక గుండెలోని ఒక నాళం మూసుకుని బిడ్డ నీలంగా మారేదాకా కొన్ని గుండె లోపాలు పైకి తెలియవు. వాటిలో చాలావాటిని ఆ పట్టీ ముందే పట్టిస్తుంది.

అనుమానించేవాళ్లకు చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1940లు, 50ల మొదట్లో నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ ధారాళంగా పెట్టడం రొటీన్. దానివల్ల ప్రపంచంలో సుమారు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయారు. పుట్టగానే బొడ్డుతాడు బిగించి కోసేయడం దశాబ్దాల రొటీన్. ఇప్పుడు కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, ఆ నిమిషంలో బిడ్డకు చేరే రక్తంతో ఇనుము నిల్వలు పెరుగుతాయి. పుట్టిన బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్లి వేరే గదిలో పడుకోబెట్టడం కూడా ఒకప్పుడు రొటీనే. వీటిని ప్రశ్నించినవాళ్లు సరైన పని చేశారు. కానీ ఆక్సిజన్ తప్పు తెలిసింది ఎవరో వద్దన్నందువల్ల కాదు, ఎక్కువ ఇచ్చిన పిల్లలనూ తక్కువ ఇచ్చిన పిల్లలనూ పక్కపక్కన పెట్టి లెక్కచూసినందువల్ల. అదే లెక్క విటమిన్ కె సూది మీద లక్షల మంది పిల్లలతో జరిగింది, అది గట్టెక్కింది.

బిడ్డ తన తరఫున మాట్లాడలేదు కాబట్టి చట్టం ఆ అధికారం తల్లిదండ్రులకు ఇచ్చింది. పెద్దవాళ్లు తమ ఒంటికి చికిత్స వద్దనుకునే హక్కు, ఇంకొకరి ఒంటి గురించి వద్దనే హక్కు ఒకే కొలతవి కావు. అందుకే కొన్నిచోట్ల వీటిలో కొన్నింటిని చట్టం తప్పనిసరి చేసింది, కొన్నిచోట్ల సంతకం తీసుకుని వదిలేస్తారు. బెదిరించి చేయించే ఆసుపత్రులు ఆ ఒక్క సూది గెలిచి, తర్వాతి టీకాలన్నిటికీ ఆ కుటుంబాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

బేరమాడుకునే చోటు చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే. విటమిన్ కె ఆ నిమిషంలోనే వేయాలనేం లేదు, మొదటి కొన్ని గంటల్లో వేస్తే చాలు. బిడ్డ తల్లి గుండెల మీద పడుకుని పాలు తాగుతుండగా సూది వేస్తే ఏడుపు బాగా తగ్గుతుంది. కళ్ల మందు రాసే చోట కూడా తల్లి ముఖం చూసుకునే మొదటి గంట అయ్యాక రాయమనొచ్చు. స్నానం, తూకం అన్నీ ఆగుతాయి. ‘అంతా వద్దు’ అన్నవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఆ మొదటి గంట ప్రశాంతతే. అది ఇస్తే మిగతా మాట సులువవుతుంది. ఈ మాటలన్నీ ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో అయిపోవాలి. నొప్పుల మధ్య, నిద్రలేని రాత్రి, ఫారం ముందుపెట్టి అడిగితే వచ్చేది నిర్ణయం కాదు, టెన్షన్.

అన్నీ విన్నాక కూడా విటమిన్ కె వద్దనుకున్న కుటుంబం చేయాల్సిన పనులు కొన్ని మిగులుతాయి. కనీసం చుక్కలైనా పూర్తి మోతాదుల్లో వేయాలి. తల్లి మూర్ఛకు, క్షయకు, రక్తం పలచబడటానికి మందులు వాడి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి, ఆ పరిస్థితిలో వద్దనడం ఇంకా ప్రమాదం. సున్తీతో సహా కోతపెట్టే పని ఏదీ ఆ బిడ్డకు పెట్టుకోకూడదు. రెండు వారాలు దాటినా పచ్చకామెర్లు తగ్గకపోయినా, మలం సుద్దలా తెల్లగా వస్తున్నా పిత్తనాళం అనుమానించి వెంటనే చూపించాలి. ఆరు నెలలు వచ్చేదాకా ముక్కు నుంచి, బొడ్డు నుంచి కాస్త రక్తం కనిపించినా, దెబ్బ తగలకుండా ఒళ్లు కమిలినా తెల్లారేదాకా ఆగకూడదు. వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట, ‘పుట్టినప్పుడు విటమిన్ కె వేయించలేదు’ అని. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు వేసే ఉంటారని అనుకుంటారు, ఆ అనుకోవడంలో విలువైన గంట పోతుంది. ఆ మాట వినగానే వాళ్లు చేసే మొదటి చికిత్స, పుట్టిన రోజు వద్దన్న ఆ మందే. దాని ప్రభావం గంటల్లో మొదలై కొత్త రక్తస్రావం ఆగుతుంది, అప్పటికే తలలో చేరిన రక్తాన్ని మాత్రం అది తీయలేదు.